రెండోసారి అప్పు

భిలాయిలో ఉక్కు ఉద్యోగం గట్టిదే, జీతమూ గట్టిదే. వాటి మీద పుట్టే అప్పు అంతకన్నా గట్టిది. ఒకసారి బయటపడ్డవాళ్లు మళ్లీ అందులోకే ఎందుకు దిగుతారు? దిగాక పైకి వచ్చే దారేది?

భిలాయి ఉక్కు కర్మాగారం ఉద్యోగి జేబులో ఏటీఎమ్ కార్డు కనిపించకపోతే ఇంట్లో మరిచిపోయాడని అనుకోనక్కర్లేదు. అది వడ్డీ వ్యాపారి బీరువాలో ఉండొచ్చు. కార్డు, కాగితం ముక్క మీద రాసిచ్చిన పిన్ నెంబరు, పాస్‌బుక్కు, సంతకం చేసిన ఖాళీ చెక్కులు రెండో మూడో అన్నీ అక్కడే ఉంటాయి. జీతం పడ్డ రోజున మొదట డబ్బు తీసేది వ్యాపారి. మిగిలింది ఉద్యోగి చేతిలో పెడతాడు. దుర్గ్, భిలాయి పోలీసు స్టేషన్లకు ఇలాంటి ఫిర్యాదులు ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నాయి. హిందీ పత్రికల జిల్లా పేజీలకు ఇది పాత వార్తే.

ఇందులో వింత ఏమిటంటే ఆ ఉద్యోగి పేదవాడు కాడు. నెలనెలా జీతం, ప్రావిడెంట్ ఫండు, గ్రాట్యుటీ, కంపెనీ క్వార్టరు, సెక్టార్ 9లో పెద్దాసుపత్రి అన్నీ ఉన్నవాడు. అప్పిచ్చేవాళ్లు అతని వెంటపడేదీ అందుకే. ఖుర్సీపార్‌లో తోపుడు బండి మీద కూరగాయలు అమ్ముకునే వాడికి అయిదు వేలు పుట్టడం కష్టం. పర్మనెంట్ ఉద్యోగికి లక్ష రూపాయలు సాయంత్రానికల్లా పుడుతుంది.

భారత్, సోవియట్ యూనియన్ల మధ్య 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆ పునాదులు తవ్విన, ఇనుము మోసిన చేతుల్లో తెలుగు చేతులూ ఉన్నాయి. రాయ్‌పూర్ నుంచి విజయనగరానికి నేరుగా రైలు మార్గం ఉండటంతో ఉత్తరాంధ్ర పల్లెల నుంచి కూలీలు దండిగా వచ్చారు. కూలీగా వచ్చి పర్మనెంటయినవాళ్లు కొందరు, కాంట్రాక్టరు దగ్గరే ఉండిపోయినవాళ్లు కొందరు. ఖుర్సీపార్‌లో, క్యాంప్ బస్తీల్లో నేటికీ వీధి కుళాయి దగ్గర శ్రీకాకుళం యాస వినబడుతుంది. సెక్టార్ 5లోని బాలాజీ మందిరం తెలుగువాళ్లందరికీ కలుసుకునే చోటు.

టౌన్‌షిప్‌లో తొలితరం జీవితానికి ఒక లక్షణం ఉంది. ఇల్లు కంపెనీది. నీళ్లు, కరెంటు నామమాత్రపు ధరకు వచ్చేవి. వైద్యం కంపెనీ చూసుకునేది, పిల్లల బడి కూడా. కాబట్టి జీతం అంటే చాలావరకు చేతి ఖర్చే. దాచుకున్నా దాచుకోకపోయినా ఇల్లు గడిచిపోయేది. కొడుక్కీ ప్లాంటులోనే ఉద్యోగం వస్తుందన్న ధీమా ఉండేది. ఆ ధీమా పోయాక కూడా ఖర్చు అలవాటు మాత్రం మిగిలిపోయిందనేది ఈ రచయిత అభిప్రాయం. 1980ల మధ్యలో 60 వేలు దాటిన పర్మనెంట్ సిబ్బంది స్వచ్ఛంద పదవీ విరమణలు, ఖాళీల భర్తీ నిలిపివేతలతో సగానికన్నా తక్కువకు పడిపోయారు. ఉన్నవాళ్ల జీతాలు పెరిగాయి, వాళ్ల పిల్లలకు ఉద్యోగాలు తగ్గాయి. పిల్లాడిని ప్లాంటులో చేర్చలేని తండ్రి కనీసం ఐఐటీలో చేర్చాలనుకున్నాడు. భిలాయి కోచింగ్ కేంద్రాలకు పేరొచ్చింది అలాగే. 2016లో ఊరికే ఒక ఐఐటీ వచ్చింది. కోచింగ్ ఫీజులు మాత్రం తగ్గలేదు.

లండన్ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్‌కు చెందిన మానవశాస్త్రవేత్త జొనాథన్ ప్యారీ 1990ల నుంచి భిలాయి కార్మికుల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. పర్మనెంట్ వాడికి ఉన్నది 'నౌకరీ', కాంట్రాక్టు వాడికి ఉన్నది ఉత్త 'కామ్' అన్న స్థానికుల విభజనను ఆయన పట్టుకున్నారు. ఈ రెండు వర్గాల మధ్య దూరం కాలంతోపాటు పెరిగిందని చెప్పారు. 2012లో ప్రచురించిన వ్యాసంలో ఆయన చెప్పిన ఒక సంగతి కలవరపెడుతుంది. ఈ ఊళ్లో ఆత్మహత్యల వైపు ఎక్కువగా జారింది అట్టడుగు కూలీ కుటుంబాలు కాదు, కాస్త మెరుగైన పర్మనెంట్ కార్మికుల కుటుంబాలు. ఉన్న స్థాయి నుంచి కిందికి జారుతామన్న భయం అక్కడే ఎక్కువ. అప్పు అనేది ఆ భయానికి నెలనెలా వచ్చే రసీదు.

బయటపడటం ఒక ఎత్తు

లెక్క అర్థం కావడానికి ఒక ఉద్యోగిని ఊహించుకుందాం. రోలింగ్ మిల్లులో పని, వయసు 47. తాతది విజయనగరం దగ్గర పల్లె, తను పుట్టింది భిలాయిలో. కోతలు పోను చేతికి 48 వేలు వస్తుంది. మూడేళ్ల కిందట రెండు క్రెడిట్ కార్డులు, ఒక వడ్డీ వ్యాపారి, ఒక చీటీ బకాయి కలిసి 5 లక్షలయింది. ఒకనాడు భార్య ముందు అన్నీ ఒప్పుకున్నాడు. బ్యాంకులో 12 శాతం వడ్డీకి అయిదేళ్ల వ్యక్తిగత రుణం తీసుకుని అందరికీ కట్టేశాడు. నెలకు కిస్తీ 11,122 రూపాయలు. ఆ రాత్రి నిద్ర పట్టింది. 'అప్పులు తీరిపోయాయి' అన్నాడు.

తీరలేదు. అప్పులన్నీ ఒకచోట చేరాయంతే. ఇక్కడే మొదటి పొరపాటు ఉంది. నాలుగు చోట్ల ఉన్న అప్పు ఒకేచోటికి రాగానే మనసు దాన్ని తీరిపోయిన అప్పుగానే లెక్కేసుకుంటుంది. పైగా కార్డుల్లో బకాయి సున్నా అయింది. లక్షన్నర, లక్ష లిమిట్లు మళ్లీ ఖాళీగా, నిగనిగలాడుతూ కనిపించాయి. సకాలంలో కట్టాడు గనుక బ్యాంకే ఒక కార్డు లిమిట్ పెంచుతామంటూ సందేశం కూడా పంపింది.

పద్ధెనిమిది నెలలు గడిచాయి. ఒక్క కిస్తీ తప్పలేదు. మొత్తం రెండు లక్షలు కట్టాడు. అయినా అసలు తగ్గింది లక్షా ఇరవై వేలే, ఇంకా 3 లక్షల 80 వేలు ఉంది. తొలి ఏళ్ల కిస్తీల్లో వడ్డీ వాటా ఎక్కువ కదా. ఈలోగా కార్డు మీద లక్షా 30 వేలు కొత్తగా చేరింది. చివర్లో చేయి తడిలేక వడ్డీ వ్యాపారి దగ్గర పది రూపాయల వడ్డీకి, అంటే నూటికి నెలకు పది చొప్పున, 50 వేలు తెచ్చాడు. వెరసి 5 లక్షల 60 వేలు. మొదలుపెట్టిన చోటికన్నా 60 వేలు ఎక్కువ.

ఈ డబ్బంతా ఎక్కడికి పోయింది? తాగుడు లేదు, జూదం లేదు. అబ్బాయి కోచింగ్ రెండో విడత ఫీజు. దానితోపాటే ల్యాప్‌టాప్. విజయనగరంలో చెల్లెలి పెద్దమ్మాయి పెళ్లికి మేనమామగా బంగారు గాజులు. దసరాకు టీవీ, సున్నా వడ్డీ అన్నారు గనుక. మిగతావి యూపీఐలో వందా రెండొందలుగా జారిపోయాయి. విడివిడిగా చూస్తే ఒక్క ఖర్చుకూ తల తిప్పలేం. రెండోసారి అప్పులో పడినవాళ్ల జాబితాలు సాధారణంగా ఇలాగే ఉంటాయి. మొదటిసారి ఒక పెద్ద తప్పు కనిపిస్తుంది. రెండోసారి వెతికినా దొరకదు.

బోనస్ మీద బతుకు

ఉక్కు ఉద్యోగి ఖర్చు క్యాలెండరులో దసరా ముందు రోజులు ప్రత్యేకం. సెయిల్ బోనస్ ఎంతన్న దాని మీద ఢిల్లీలో యాజమాన్యం, యూనియన్లు బేరమాడుతుండగానే భిలాయి సివిక్ సెంటర్లో, సుపేలా బజారులో ఆ డబ్బు సగం ఖర్చయిపోతుంది. 2022లో బోనస్ 40,500 రూపాయలు వచ్చింది. మరుసటి ఏడు 23 వేలకు పడింది. కిందటేడు లెక్కన ముందే కొనేసినవాడికి 17,500 రూపాయల లోటు. అది ఎక్కడ తేలుతుందో వేరే చెప్పనక్కర్లేదు, కార్డు మీదే.

వేతన సవరణ కథ ఇంకాస్త పెద్దది. 2017 జనవరి 1 నుంచి రావలసిన సవరణ మీద అవగాహన 2021 అక్టోబర్‌లో గానీ కుదరలేదు. కుదిరాక కూడా మొదటి 39 నెలల బకాయి తేలక ఏళ్ల తరబడి వివాదంగా సాగింది. 'ఏరియర్స్ రాగానే ఇచ్చేస్తా' అన్న మాట మీద ఆ కాలంలో చేసిన చేబదుళ్లకు లెక్కాపత్రం ఉండదు. చేతికి రాని డబ్బును ఖర్చుపెట్టడానికి క్రెడిట్ కార్డే అక్కర్లేదు, గట్టి ఆశ ఉంటే చాలు.

ఆదాయం పెరిగినప్పుడే జారిపోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. భిలాయికి ఇనుప ఖనిజం ఇచ్చే దల్లీ రాజహరా గనుల్లో 1977లో శంకర్ గుహా నియోగి నాయకత్వంలో కాంట్రాక్టు కార్మికులు సంఘం పెట్టుకుని పోరాడారు. కాల్పుల్లో మనుషుల్ని పోగొట్టుకున్నారు. కొన్నేళ్లలో కూలి రేట్లు అనేక రెట్లు పెరిగాయి. పెరిగిన కూలిలో పెద్ద భాగం సారా దుకాణానికి పోతోందని సంఘం గమనించింది. అప్పుడు నియోగి చేసిన పని గమనించదగ్గది. తాగుడు మానమని ఎవరికి వారికి బుద్ధి చెప్పి ఊరుకోలేదు. మద్యం మానడాన్ని సంఘం కార్యక్రమంగా మార్చారు. మహిళలు ముందు నిలిచారు, బస్తీ సభల్లో నలుగురి ఎదుటా ప్రమాణాలు చేయించారు. 1983లో అదే కార్మికుల డబ్బుతో, శ్రమతో రాజహరాలో షహీద్ ఆసుపత్రి వెలిసింది. నియోగిని 1991 సెప్టెంబర్ 28న భిలాయిలో హత్య చేశారు. అది వేరే కథ. ఇక్కడ పనికొచ్చే విషయం ఒకటే. ఇంటి డబ్బు జారిపోవడాన్ని వాళ్లు ఒక మనిషి గుట్టుగా దాచుకోవలసిన సిగ్గుగా చూడలేదు.

మన ఉద్యోగి చేసింది సరిగ్గా దీనికి వ్యతిరేకం. మొదటిసారి భార్యకు చెప్పగలిగాడు. రెండోసారి నోరు రాలేదు. 'మళ్లీ చేయను' అని పిల్లల మీద ఒట్టేసినవాడు ఆ మాట తప్పానని ఎలా చెబుతాడు? అందుకే ఏడు నెలలు దాచాడు. వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లింది కూడా అందుకే. బ్యాంకుకు వెళితే ఇంటికి ఉత్తరం వస్తుంది, సహకార పరపతి సంఘానికి వెళితే జామీను సంతకం కావాలి. షాపులో పక్కన పనిచేసేవాడే సంతకం పెట్టాలి. అతని భార్యా తన భార్యా బాలాజీ గుళ్లో కలుసుకుంటారు. వడ్డీ వ్యాపారి మాత్రం ఎవరికీ చెప్పడు. అతను అమ్మే సరుకులో సగం డబ్బు, సగం గోప్యత. నూటికి పది రూపాయల్లో ఈ గోప్యత ధరే ఎక్కువ.

కాగితం మీద పెడితే

ఇక గట్టెక్కే లెక్క. మన ఉద్యోగికి ఇప్పుడు నెలకు పోతున్నవి ఇవి: బ్యాంకు కిస్తీ 11,122, కార్డుకు కనీస చెల్లింపు 6,500, వడ్డీ వ్యాపారికి 5 వేలు. మొత్తం 22,622. ఇల్లు గడవడానికి మిగిలేది 25,378.

కార్డు సంగతి చూద్దాం. నెలకు మూడున్నర శాతం వడ్డీ అనుకుంటే లక్షా 30 వేల మీద 4,550. దాని మీద 18 శాతం జీఎస్టీ 819. రెండూ కలిపి 5,369. కట్టిన 6,500లో అసలుకు చేరేది 1,131 రూపాయలే. పాత బకాయి ఉండగా కొత్తగా కొన్న ప్రతి వస్తువుకూ కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఆ యాభై రోజుల ఉచిత గడువు బకాయి పూర్తిగా కట్టేవాడికే. ఈ సంగతి తెలియకుండా కార్డు వాడేవాళ్లు చదువుకున్నవాళ్లలోనూ ఎక్కువే. ఏడాదికి 30 శాతం దాటిన కార్డు వడ్డీ అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పు చెప్పింది. సుప్రీంకోర్టు 2024 డిసెంబర్ 20న దాన్ని కొట్టేసింది. కాబట్టి ఆ వైపు నుంచి రక్షణ ఆశించనక్కర్లేదు.

వడ్డీ వ్యాపారిది ఇంకా తేలిక లెక్క. పది నెలల్లో 50 వేలు కడతారు, 50 వేలు బాకీ ఉంటారు.

ఏది ముందు తీర్చాలన్న దాని మీద ప్రపంచంలో రెండు వాదాలున్నాయి. వడ్డీ ఎక్కువ ఉన్నది ముందు తీర్చాలంటారు లెక్కల మాస్టార్లు. చిన్నది ముందు తీర్చి పద్దు మూసేయాలంటారు మనస్తత్వం తెలిసినవాళ్లు. అమెరికాలో డేవిడ్ గాల్, బ్లేక్లీ మెక్‌షేన్ అనే పరిశోధకులు 2012లో రుణ పరిష్కార పథకంలో చేరినవాళ్ల ఖాతాలు పరిశీలించారు. మొత్తం అప్పులో ఎంత తీర్చారన్నదాని కన్నా ఎన్ని ఖాతాలు పూర్తిగా మూసేశారన్నదే చివరిదాకా నిలబడతారా లేదా అన్నది బాగా చెప్పిందని తేల్చారు. భిలాయిలో ఈ వాదన అవసరం లేదు. వడ్డీ వ్యాపారి అప్పే చిన్నది, అదే ఎక్కువ వడ్డీది, అదే ప్రమాదకరమైనది. ముందు తీరవలసింది అదే.

ఎలా? ఇంట్లో బంగారం ఉంది. బ్యాంకులో తాకట్టు పెడితే నెలకు నూటికి ఇంచుమించు రూపాయి వడ్డీ. 50 వేలకు నెలకు 500. వ్యాపారికి పోయే 5 వేలలో 4,500 మిగిలింది. దాన్ని కార్డుకు కలిపితే నెలకు 11 వేలు. నెలకు 6,500 మాత్రమే కడుతూ పోతే కార్డు తీరడానికి 43 నెలలు దాటుతుంది. 11 వేలు కడితే 17 నెలలు. తర్వాత అదే 11 వేలతో అయిదు నెలల్లో బంగారం ఇంటికొస్తుంది. ఆపైన ఆ డబ్బు బ్యాంకు రుణానికి కలిపితే మరో పది నెలల్లో అదీ అయిపోతుంది. మొత్తం రెండు సంవత్సరాల ఎనిమిది నెలలు. బోనస్ వస్తే ఇంకా ముందే. ముందస్తు చెల్లింపుకు బ్యాంకు రుసుం వేస్తుందేమో మాత్రం ఒప్పందం కాగితంలో చూసుకోవాలి. స్థిర వడ్డీ వ్యక్తిగత రుణాల మీద వేసే బ్యాంకులున్నాయి.

ఈ లెక్కలో చిక్కు ఒక్కటే. బంగారం భార్యది. ఆమెకు చెప్పకుండా మొదటి అడుగే పడదు. ఆ మాటకొస్తే రెండోసారి బయటపడటంలో కష్టమైన పని వడ్డీ లెక్క కాదు, ఆ అరగంట సంభాషణే.

మరొకటి, కార్డు. మొదటిసారి బాకీ తీర్చినప్పుడు కార్డును 'అవసరానికి ఉంటుంది' అని బీరువాలో పెట్టాడు. అవసరం వారంలో వచ్చింది. ఈసారి రాతపూర్వకంగా రద్దు చేయించుకోవాలి. బకాయి ఉన్నా కొత్త లావాదేవీలు ఆపించవచ్చు, లిమిట్ తగ్గించమని అడగవచ్చు. ఫోనులో దాచిపెట్టిన కార్డు నెంబర్లు తుడిచేయాలి. ఇదేదో చాదస్తమని కొట్టిపారేయకండి. అర్ధరాత్రి కొనుగోళ్లకు కార్డు బీరువాలోంచి తీయాల్సిన పని లేకపోవడమే కదా అసలు సమస్య.

ఇక వడ్డీ వ్యాపారి దగ్గరున్న ఏటీఎమ్ కార్డు. బ్యాంకుకు ఫోన్ చేస్తే పాతది ఆగిపోతుంది, కొత్తది వస్తుంది. చాలామంది అది చేయనిది ఖాళీ చెక్కుల భయంతో. ఆ భయం ఉత్తది కాదు. సంతకం చేసిచ్చిన ఖాళీ చెక్కును అవతలివాడు నింపుకున్నా చెక్కు బౌన్సు కేసు నిలుస్తుందని 2019లో సుప్రీంకోర్టు బీర్ సింగ్ కేసులో స్పష్టం చేసింది. అప్పు అంత లేదని నిరూపించే భారం సంతకం చేసినవాడి మీదే పడుతుంది. కాబట్టి వ్యాపారికి ఇకమీదట ఇచ్చే ప్రతి రూపాయీ బ్యాంకు ద్వారానే ఇవ్వాలి, చేతికి ఇవ్వకూడదు. తీరిన రోజున చెక్కులు సాక్షుల ఎదుట వెనక్కు తీసుకోవాలి. వేధిస్తే పోలీసుల దగ్గరికి వెళ్లే హక్కుంది. ఛత్తీస్‌గఢ్‌లో అప్పు వసూలు పేరుతో మనిషిని వేధించడాన్ని నేరంగా చూసే 1937 నాటి రుణగ్రస్తుల రక్షణ చట్టాన్ని పోలీసులు నేటికీ వాడుతున్నారు.

ఉద్యోగులకు తెలియని రక్షణలు మరికొన్ని ఉన్నాయి. అప్పు కేసులో కోర్టు డిక్రీ వచ్చినా జీతం మొత్తం జప్తు కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం మొదటి వెయ్యి రూపాయలు, మిగతాదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. ప్రావిడెంట్ ఫండునూ గ్రాట్యుటీనీ అప్పులవాళ్లు జప్తు చేయించలేరు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం యజమాని చేసే కోతలన్నీ కలిపి జీతంలో సగం దాటకూడదు. అయితే ఈ పరిమితి కంపెనీ జీతంలోంచి పట్టుకునేదానికే. జీతం ఖాతాలో పడ్డాక ఆటో డెబిట్‌లో పోయే కిస్తీలకు వర్తించదు. ఎన్నింటికి ఒప్పుకుంటే అన్నీ పోతాయి.

జప్తు చేయలేని ప్రావిడెంట్ ఫండును తనంతట తానే తీసి అప్పులకు కట్టేయడం భిలాయిలో మామూలే. పదవీ విరమణకు పదమూడేళ్లున్నవాడు ఒకసారి తీస్తే నష్టం ఇంత అని లెక్కేయొచ్చు. రెండోసారి తీసేవాడికి అరవై ఏళ్లకు ఏం మిగులుతుందో చూడాలంటే క్వార్టరు ఖాళీ చేసి రిసాలీలోనో జామూల్ వైపో అద్దెకు దిగిన పాత ఉద్యోగుల్ని అడగాలి. క్వార్టరు ఉన్నన్నాళ్లూ సొంతిల్లు లేదన్న సంగతి గుర్తురాదు.

చీటీ గురించి ఒక మాట. తెలుగువాళ్లు ఎక్కడున్నా చీటీ ఉంటుంది. పాడుకోని చీటీ పొదుపు, పాడుకున్న చీటీ అప్పు. రెండోదాన్ని కూడా పొదుపు కిందే చెప్పుకోవడం మనకు అలవాటు. బయటపడే పనిలో ఉన్నవాడు ఉన్న చీటీ చివరిదాకా కట్టి ఆఖరున తీసుకోవడమే మేలు. రిజిస్టర్ కాని చీటీలైతే ఆఖరిదాకా ఆగడమూ ప్రమాదమే.

విశాఖ వైపు చూస్తే

జీతం గట్టిదన్న ధీమా ఎంతవరకు నిలుస్తుందో భిలాయి తెలుగువాళ్లకు బంధువుల ఇళ్లలోనే తెలిసింది. విశాఖ ఉక్కు కర్మాగారంలో 2024లో జీతాలు ఆలస్యమయ్యాయి, వాయిదాల్లో వచ్చాయి. నెల మొదట్లో తెగాల్సిన గృహరుణం కిస్తీలకు ఖాతాలో డబ్బు లేదు. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించేనాటికి చాలా ఇళ్లలో బంగారం బ్యాంకుకు చేరింది. వాళ్లు అతిగా ఖర్చు పెట్టినవాళ్లు కాదు. జీతం ఆగదన్న నమ్మకం మీద కిస్తీలకు ఒప్పుకున్నవాళ్లు. అదే నమ్మకం మీద అప్పు చేసిన భిలాయి ఉద్యోగికి ఈ సంగతి వినగానే ఒళ్లు జలదరించాలి.

స్వస్థలంలో పొలం మీద బతికే బంధువుల పరిస్థితి ఎలాగూ తెలిసిందే. 2019 నాటి జాతీయ నమూనా సర్వేలో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ కుటుంబాల్లో 93 శాతం, తెలంగాణలో 92 శాతం దాకా అప్పుల్లో ఉన్నట్టు తేలింది. దేశ సగటు 50 శాతం. వాళ్ల దృష్టిలో భిలాయి మేనమామ అంటే నెలజీతగాడు, పెళ్లికి గాజులు తెచ్చేవాడు. ఆ హోదా నిలబెట్టుకోవడానికి అయ్యే ఖర్చు ఏ బడ్జెట్ పుస్తకంలోనూ కనిపించదు.

అందుకే మన ఉద్యోగి కాగితం మీద ఇంకో వరస చేర్చాల్సి వచ్చింది. ఫిబ్రవరిలో చెల్లెలి రెండో అమ్మాయి పెళ్లి. భార్యకు చెప్పడం అయింది. ఆమె మూడు రోజులు మాట్లాడలేదు, నాలుగో రోజు గొలుసు తీసి బల్ల మీద పెట్టింది. వడ్డీ వ్యాపారి బాకీ తీరింది, రెండు చెక్కులు వెనక్కొచ్చాయి. టీవీ కిస్తీ ఇంకా రెండు నెలలుంది. అబ్బాయి ఫీజు మూడో విడత గురించి కోచింగ్ వాళ్లతో మాట్లాడాలి. ఇంటి ఖర్చుకు నెల మొదటి రోజునే 25 వేలు వేరే ఖాతాలోకి వెళుతోంది. ఆ ఖాతా కార్డు భార్య దగ్గరుంది. మధ్యలో ఒకసారి, నవంబర్‌లో, 2,300 పెట్టి బూట్లు కొన్నాడు. ఆ రాత్రే కాగితం మీద రాశాడు. దాచకపోవడం ఆ కాగితంలో అదే మొదటిసారి.

మిగిలింది చెల్లెలికి ఫోన్ చేయడం. దుర్గ్ నుంచి విశాఖకు 2024 సెప్టెంబర్‌లో వందే భారత్ వచ్చింది గానీ టికెట్టు మామూలు రైలుకే తీశాడు. ఫోనులో రైలు గురించి మాట్లాడాడు, చలి గురించి మాట్లాడాడు, బావ మోకాలి నొప్పి గురించి అడిగాడు. చివరికి, ఈసారి గాజులు కుదరవమ్మా, పట్టుచీర తెస్తాను అన్నాడు.

అవతల కాసేపు మాట లేదు.

"వదిన నాకు దీపావళికే చెప్పీసింది అన్నియ్యా. నువ్వెప్పుడు చెబుతావోనని చూస్తన్నాను" అంది చెల్లెలు.